టోకెన్ బల్ల మీద పెట్టి టిఫిన్ తిన్న హోటలు

(విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్ళే దారిలో మనందరం మూల హోటలు అని పిలుచుకునే హోటలు ఈ ఆదివారంతో మూసేస్తున్నారు. ఆ చోట్లో బ్యాంకు బ్రాంచి వస్తోంది. మొన్న సాయంత్రం వీధివాళ్ళంతా హోటలు ముందర కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు, రిటైరైన బ్యాంకు ఆఫీసరు గారు ఒకరు మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్లో రికార్డు చేసింది విని టైపు చేసాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? బాబూ, ఆ మైకు కొంచెం ఇటు తిప్పు. ఆఁ, ఇప్పుడు బాగుంది. అమ్మా మీరు ముందుకి రండి, ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది, నిలబడొద్దు, నేను కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

ముందు ఒక మాట చెప్పీసి మొదలుపెడతాను. నేను బ్యాంకువాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసాను, క్లర్కుగా చేరి ఆఫీసరుగా రిటైరయ్యాను, ఈరోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే బ్యాంకు పింఛనుతోనే వెలుగుతోంది. అంచేత బ్యాంకుని తిట్టడానికి నేను లేచి నిలబడలేదు. ఇందాక మన కుర్రాళ్ళు మాట్లాడుతూ బ్యాంకు ఎవడిక్కావాలి, అంతా ఫోన్లోనే అయిపోతోంది కదా అన్నారు. కావాలి నాన్నా. నీకు ఫోన్ ఉంది, నీకు అక్కర్లేదు. గంట్యాడ నుంచి బంగారం కుదవ పెట్టుకోడానికొచ్చిన ఆడమనిషికి బ్యాంకు కావాలి, పాసుపుస్తకం మీద అచ్చు పడితే తప్ప డబ్బు ఉందని నమ్మని ముసలాయనకి కావాలి. కానీ ఈ హోటలు తీసీసి ఆ చోట్లో బ్యాంకు పెడుతున్నారని తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడ లేచి ఏటయ్యింది, ఒంట్లో బాగులేదా అంది. ఒంట్లో బాగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది, అదీ సంగతి.

ఎందుకొచ్చిందో చెప్తాను. 1983లో నేను ఈ ఊరొచ్చాను. మాది నాగావళి ఒడ్డున పల్లెటూరు, శ్రీకాకుళం జిల్లా. విజయనగరం జిల్లా ఏర్పడి అప్పటికి నాలుగేళ్ళు, 1979 జూన్లో కదా ఏర్పడింది, ఇంకా ఊళ్ళో ఎక్కడ చూసినా కొత్త ఆఫీసుల బోర్డులు, కొత్తగా బదిలీ అయి వచ్చిన ఉద్యోగులు, అద్దె ఇళ్ళ కోసం వెతుకులాట. నేను పొద్దున్నే ఒక రేకు పెట్టె పట్టుకుని బస్సు దిగాను, ఊళ్ళో ఒక్క మనిషి తెలీదు. ఆకలేస్తోంది. ఈ మెట్లెక్కి లోపలికొచ్చి కూర్చున్నాను. అదిగో ఆ రెండో బల్ల, గోడ పక్కది. ఇడ్లీ తిన్నాను, కాఫీ తాగాను. గల్లా దగ్గర పెద్దాయన, అంటే ఇప్పుడు హోటలు నడుపుతున్న మన ఆయనకి నాన్నగారు, డబ్బులు తీసుకుంటూ నా పెట్టె వైపు చూసి, కొత్తగా వచ్చారా బాబూ, ఎక్కడ దిగారు అని అడిగారు. ఎక్కడా దిగలేదండీ, బ్యాంకులో చేరాలి, గది వెతుక్కోవాలి అన్నాను. అయితే ఆ పెట్టె ఇక్కడ పెట్టీసి వెళ్ళి చేరి రండి, సాయంత్రానికి గది చూద్దాం అన్నారు. సాయంత్రానికి నాకు గది దొరికింది. ఈ వెనక సందులోనే. ఆ గదిలో ఆరేళ్ళున్నాను.

జీతం నెలాఖరుకి కదా వస్తుంది. ఆ నెల్రోజులూ ఏం తినాలి నేను? పెద్దాయన ఒక పొడుగాటి పుస్తకం తీసి నా పేరు రాసీసారు. రోజూ తినండి, జీతం వచ్చాక ఇద్దురు గాని అన్నారు. నా పేరు తప్ప ఇంకేమీ అడగలేదు. అటు చూడండి, నేను బ్యాంకులో కూర్చుని ఏం చేసీవాణ్ణి? ఐదువందల రూపాయల లోను కోసం వచ్చిన రైతుని కూడా జామీను ఎవరు, సంతకం ఎవరు పెడతారు, పట్టా ఏదీ అని అడిగీవాణ్ణి. అడగాలి, అది నా ఉద్యోగం, జనం డబ్బు అది. మధ్యాహ్నం వరకు అలా అందరినీ అడిగి, దిగి ఇక్కడికొచ్చి, జామీను లేకుండా భోజనం చేసీవాణ్ణి. బ్యాంకులోనూ ఖాతా అనే అంటాం, ఇక్కడా ఖాతా అనే అంటాం. రెండు ఖాతాల తేడా నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదేమో ఇక్కడ.

ఇప్పుడు టోకెన్ సంగతి చెప్పాలి. ఇక్కడున్న పిల్లలకి తెలీదు, పెద్దవాళ్ళు తలలు ఊపుతున్నారు చూడండి, వాళ్ళకి తెలుసు. మా బ్రాంచి అప్పట్లో ఇదిగో ఇదే వీధిలో, ఎదరగా మేడ మీద ఉండీది. కంప్యూటర్లు లేవు. డబ్బు తీసుకోవాలంటే విత్ డ్రాయల్ ఫారం గాని చెక్కు గాని కౌంటర్లో ఇస్తే, మేం ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చీవాళ్ళం, దాని మీద నంబరు ఉంటుంది. అప్పుడు క్లర్కు ఆ పెద్ద లెడ్జరు తీసి అందులో రాయాలి, ఆఫీసరు సంతకం సరిచూసి పాస్ చెయ్యాలి, అది క్యాషియర్ దగ్గరకి వెళ్ళాలి, క్యాషియర్ నంబరు పిలవాలి. అరగంట, రద్దీ రోజైతే గంటకి పైనే. అంతసేపూ జనం ఎక్కడుంటారు? మా మేడ మీద రెండే బెంచీలు. నెల్లిమర్ల నుంచి, బొండపల్లి నుంచి, గజపతినగరం నుంచి పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చినవాళ్ళు, బిళ్ళ చేతిలో పడగానే మెట్లు దిగి ఈ హోటల్లోకి వచ్చీసీవారు. బల్ల మీద ప్లేటు, ప్లేటు పక్కన ఇత్తడి బిళ్ళ. ఏ బల్ల చూసినా అదే. హోటల్లో నీళ్ళు పెట్టే గుంటడు ఒకడు మధ్యమధ్యలో మా మెట్లెక్కి వచ్చి ఎన్నో నంబరు నడుస్తోందో విని, కిందకి పరుగెత్తుకెళ్ళి, నలభై ఏడు, నలభై ఏడు ఎవరిదండీ, అయిపోతోంది ఎక్కండి అని కేక పెట్టీవాడు. వాడికి జీతం మా బ్యాంకు ఇవ్వలేదు కదా, వాడికెందుకు చెప్పండి? ఎవరూ చెప్పకుండానే చేసీవాడు.

ఒకసారి ఒక ముసలమ్మ బిళ్ళ పోగొట్టుకుంది. కొంగున ముడేసాను బాబూ, ఏటయిపోనాదో తెలీదు అని మా కౌంటర్ ముందు కూలబడిపోయింది. టోకెన్ పోవడమంటే చిన్న విషయం కాదు అప్పట్లో, ఆ బిళ్ళ ఎవడు పట్టుకొస్తే వాడికి డబ్బిచ్చీసే ప్రమాదం ఉంది, అంచేత పేమెంటు ఆపాలి, కాగితం రాయించుకోవాలి, సాక్షి సంతకం కావాలి. ఆవిడ కూతురి పురుటి కోసం తీసుకుంటున్న డబ్బు అది. మేం ఇంకా కాగితం వెతుకుతున్నాం, ఈలోగా ఆ గుంటడు మెట్ల మీద దబదబా వచ్చాడు. మోచేతుల దాకా సబ్బు నీళ్ళు కారుతున్నాయి, చేతిలో బిళ్ళ. ఎంగిలి ప్లేట్ల తొట్టెలో దొరికిందంట. ఆవిడ వాడికి పావలా ఇవ్వబోయింది. వద్దమ్మా అనీసి దిగిపోయాడు. నలభై ఏళ్ళయింది, వాడి తడి చేతులు నాకు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి.

మరి బ్యాంకూ హోటలూ ఎప్పుడైనా ఒకదానికొకటి అడ్డమయ్యాయా? కాలేదు కదా. అది మేడ మీద, ఇది కింద. ఏడాది ఖాతాలు మూసే రోజు వచ్చిందంటే మాకు అర్ధరాత్రి దాకా లెక్కలు, ఒక్కొక్కసారి పదిపైసల తేడా పట్టుకోడానికి నాలుగు గంటలు పట్టీది, అప్పుడు ఈ హోటలు వాళ్ళు పొయ్యి ఆర్పకుండా ఉంచి పదిన్నరకి ఉప్మా, పదకొండున్నరకి కాఫీ పైకి పంపించీవారు. ఎవరికైనా లోను ఇవ్వాలంటే మా మేనేజరు గారు ముందు ఇక్కడికొచ్చి టీ తాగీవారు. ఫలానా మనిషి ఎలాంటివాడు, మాట మీద నిలబడతాడా అని గల్లా దగ్గర అడిగితే చాలు. ఆ మాట విని ఇచ్చిన లోన్లు మొండి బాకీలు అవ్వడం నా సర్వీసులో చాలా తక్కువ చూసాను.

అసలు వంట గురించి చెప్పకుండా ఇన్ని మాటలు చెప్తున్నాను. అమ్మా, మీరు నవ్వుతున్నారు, మీకు తెలుసు కదా. రాత్రి రెండున్నర మూడింటికి లోపల లైటు వెలిగీది. నేను వెనక సందులో ఉండీవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, గ్రైండరు రాకముందు రోలు చప్పుడు వినపడీది, తర్వాత గ్రైండరు చప్పుడు. ఇడ్లీ పిండి ముందురోజు రాత్రే రుబ్బి పెట్టీవారు, మినప్పప్పు రుబ్బి బియ్యపు రవ్వ కలిపి. చలికాలం పిండి పొంగదు కదా, వంట మాస్టారు ఆ గిన్నెల్ని పొయ్యి గట్టు పక్కన పెట్టి గోనె కప్పీవారు, ఎండాకాలం అయితే పులిసిపోతుందని ఇంకా ఆలస్యంగా రుబ్బించీవారు. ఇడ్లీ రేకుల మీద తడిగుడ్డ వేసి పోసీవారు, ఇప్పటికీ అలాగే పోస్తున్నారు, అందుకే మన ఇడ్లీ అడుగున గుడ్డ నేత అచ్చు పడి ఉంటుంది. చూసారా ఎప్పుడైనా? రేపొద్దున వచ్చి చూడండి. పెసరట్టుకి పెసలు పొట్టుతోనే, అల్లం, పచ్చిమిరపకాయ, జీలకర్ర వేసి అప్పటికప్పుడు రుబ్బాలి, పెసర పిండిని నిలవుంచకూడదు. పిండి అయిపోతే అయిపోయిందని చెప్పీసీవారే గాని మినప్పిండి కలిపి పెంచి పోసింది నేనెప్పుడూ చూడలేదు. అల్లం పచ్చడిలో బెల్లం కొంచెం ఎక్కువ. కొంతమందికి నచ్చదు. నాకు అదే ఇష్టం.

ఎవరు కూర్చునీవారండీ ఇక్కడ? కోర్టు ప్లీడరు గారి పక్కన రిక్షా తొక్కినాయన. ఎమ్మార్ కాలేజీ లెక్చరరు గారి ఎదురుగా జూట్ మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చినాయన. సంగీత కళాశాల పిల్లలు సాయంత్రం వచ్చి ముగ్గురు కలిసి ఒక పెసరట్టు, మూడు నీళ్ళ గ్లాసులు తీసుకుని గంటసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ కూర్చునీవారు, లెండి అని ఎవరూ అనలేదు. ఏసీ రూము లేదు, ఫ్యామిలీ రూము లేదు, ఒకటే హాలు. ఇప్పుడు వచ్చే హోటళ్ళు బాగున్నాయి, నేను కాదనను, మా మనవలు అక్కడికే వెళ్దామంటారు. కానీ అందులో ఎవరి బల్ల వాళ్ళది. ఇక్కడ బల్ల ఖాళీ లేకపోతే ముక్కూ మొహం తెలీని మనిషి ఎదురుగా కూర్చోవాల్సిందే. అలా కూర్చునే నాకు ఈ ఊళ్ళో సగం మంది తెలిసారు.

మన పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ గురించి నేను చెప్పక్కర్లేదు మీకు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి పల్లెలన్నీ ఇక్కడే ఉంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి, విశాఖపట్నం వైపు నుంచి, ఒడిశా నుంచి కూడా, పిల్లల్ని భుజాల మీద వేసుకుని. ఎక్కడ పడుకుంటారు వాళ్ళు? ఈ అరుగు మీద, ఈ మెట్ల మీద, హోటల్లో బల్లలన్నీ గోడకి జరిపీసి కింద చాపలు వేసి పడుకోబెట్టీవారు. తెల్లవార్లూ పొయ్యి ఆరీది కాదు. మంగళవారం మధ్యాహ్నం దాకా టిఫిన్ పెట్టి, పూజారి గారు కూర్చున్న ఆ పొడుగాటి సిరిమాను గుడి దగ్గర్నుంచి కోటకి కదిలే వేళకి మాత్రం పొయ్యి ఆపీసి మాస్టార్లతో సహా అందరూ ఈ మెట్ల మీద నిలబడీవారు. మూడుసార్లు తిరిగేదాకా నిలబడి, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, అప్పుడు మళ్ళీ లోపలికి. వచ్చే సిరిమానుకి ఇక్కడ షట్టరు వేసి ఉంటుంది.

మన ఊరికి అన్నం పెట్టడం కొత్త కాదండీ. ఘంటసాల గారు కుర్రతనంలో సంగీతం నేర్చుకోడానికి ఈ ఊరొచ్చారు, పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకి చదువు చెప్పారు, భోజనానికి ఘంటసాల గారు జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మధూకరం ఎత్తుకున్నారు. అంటే ఏ ఇంటి అమ్మ పెట్టిన ముద్దతోనో ఆ గొంతు నిలబడింది. మధూకరం అందరూ ఎత్తుకోలేరు కదా. డబ్బిచ్చి తినేవాళ్ళకి పూటకూళ్ళ ఇళ్ళు ఉండీవి. గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి ఈ ఊళ్ళోనే 1892లో ఆడారు, అందులో పూటకూళ్ళమ్మ ఉంది కదా, విజయనగరం పేరు చెప్తే ఆ నాటకం మొదలయ్యే బొంకులదిబ్బతో పాటు ఆవిడ కూడా గుర్తొస్తుంది. నాటకంలో ఆవిణ్ణి ఎలా చూపించారన్నది పక్కన పెట్టండి. నేను చూసేది ఏటంటే, అప్పటికే ఈ ఊళ్ళో పరాయి ఊరివాడు వస్తే తిండి పెట్టే ఇల్లొకటి ఉంది, కొన్నాళ్ళు అప్పు మీద పెట్టే మనిషి ఉంది. ఆ వరసలోదే ఈ హోటలు. బస్సు దిగి రేకు పెట్టెతో వచ్చిన నాలాంటివాడికి తిండి పెట్టింది.

సరే, మరి ఎందుకు పోతోంది? ఎవర్ని తిట్టాలి? ఇందాక ఒకాయన బిల్డింగు ఓనరు గారిని గట్టిగా అన్నారు. వద్దండీ. నేను లెక్క చెప్తాను, వినండి. ఈ లెక్కలు నాకు తెలుసు, బ్రాంచిలకి అద్దె బిల్డింగులు చూసే పని కొన్నాళ్ళు నేనే చేసాను. బ్యాంకు అద్దెకి వస్తే నెల తిరిగేసరికి అద్దె ఓనరు ఖాతాలో పడిపోతుంది, అడగక్కర్లేదు. పదేళ్ళు పదిహేనేళ్ళు అగ్రిమెంటు, మధ్యలో ఇంత అని పెంపు ముందే రాసుకుంటారు. పొగ ఉండదు, గోడలకి నూనె జిడ్డు ఉండదు, గ్యాసు సిలిండర్ల భయం ఉండదు, డ్రైనేజీ పూడిపోదు. స్ట్రాంగు రూము కట్టివ్వాలి, దానికి ఓనరుకి ఖర్చవుతుంది, నిజమే. కానీ రాబోయే అద్దె మీద కూడా బ్యాంకు లోను ఇస్తుంది, అది చాలామందికి తెలీదు. ఆ లోనుతో కూతురి పెళ్ళి చేసుకోవచ్చు, పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. ఓనరు గారికీ పిల్లలున్నారు, ఆసుపత్రి ఖర్చులున్నాయి. ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసీవాణ్ణో నాకు తెలీదు, నిజంగా తెలీదు.

హోటలు వైపు చూడండి. ఊరికే లెక్క కోసం అనుకుందాం, ఒక ప్లేటు మీద ఖర్చులన్నీ పోగా అద్దెకి ఐదు రూపాయలు మిగిలింది, అద్దె నెలకి ముప్పై వేలు. రోజుకి వెయ్యి. అంటే రోజూ రెండొందల ప్లేట్లు ఒక్క అద్దె కోసమే అమ్మాలి. అద్దె అరవై వేలయితే? నాలుగొందల ప్లేట్లు. ఇల్లు గడవడం ఆ తర్వాత మాట. ప్లేటు మీద పది రూపాయలు పెంచు అంటారా? పెంచితే రిక్షా ఆయన రాడు, ఆ మాట మన ఆయనే నాతో అన్నారు, పెంచితే ఎవరి కోసం పెట్టామో వాళ్ళు రారండీ అని. పంతొమ్మిది కేజీల కమర్షియల్ సిలిండరే కొనాలి, ఇంటి సిలిండరు వాడకూడదు. మినప్పప్పు ధర తెలుసు మీకు. మాస్టార్లు దొరకడం లేదు, చెయ్యి తిరిగినవాళ్ళు విశాఖపట్నం, హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హోటలు మూసినా పనివాళ్ళకి బియ్యం, పప్పు ఇచ్చారు, ఆ దెబ్బ నుంచి ఆయన పూర్తిగా లేవలేదు. ఆయన వయసు కూడా డెబ్భై దాటింది.

అంచేత ఇక్కడ దుర్మార్గుడు ఎవడూ లేడు. అదే నాకు ఎక్కువ బాధ. ఎవడైనా ఉంటే వాడితో దెబ్బలాడొచ్చు. 2020 మేలో మూడు లాంతర్ల స్తంభం తీసేసినప్పుడు ఊరంతా లేచింది, గొడవయ్యింది, పేపర్లలో వచ్చింది, ఎందుకంటే అది పాతకాలం కట్టడం అని అందరూ ఒప్పుకున్నారు. గంటస్తంభం జోలికి ఎవడైనా వెళ్ళగలడా? వెళ్ళలేడు. హోటలుకి అలాంటి రక్షణ ఏదీ లేదు. ఇది కట్టడం కాదు కదా, గోడలు ఎలాగూ ఇక్కడే ఉంటాయి, సున్నం వేసి అద్దాలు పెడతారు. పోయేది లోపలిది. దాన్ని కొలిచే కాగితం మున్సిపాలిటీలో లేదు, బ్యాంకులో లేదు.

బ్యాంకువాళ్ళకి బోర్డు పోతే ఎలా ఉంటుందో తెలుసు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నేను పనిచేసింది వేరే బ్యాంకు, అయినా ఆ బోర్డు దించుతుంటే నాకు మా ఇంట్లో పెద్దవాళ్ళు పోయినట్టే అనిపించింది. డబ్బంతా భద్రంగానే ఉంది, ఖాతాలన్నీ ఉన్నాయి, ఎవరికీ నష్టం లేదు, అయినా జనం ఎందుకు బాధపడ్డారు? ఆ బాధ అర్థమైనవాళ్ళు ఈ బాధ కూడా అర్థం చేసుకోగలరని నేను నమ్ముతున్నాను. అందుకే ఇక్కడికి రాబోయే మేనేజరు గారికి, వారెవరో నాకు తెలీదు, ఈ వీధి తరఫున రెండు విన్నపాలు రాసిద్దామని నా ఉద్దేశం. మీరు ఒప్పుకుంటేనే.

ఒకటి, ఈ అరుగు. దయచేసి దీన్ని కొట్టీకండి. ప్లానులో ఇక్కడ ఏటీఎం గది, జనరేటరు వస్తాయని విన్నాను. వాటిని కుడిపక్కకి జరపొచ్చు, అక్కడ ఖాళీ ఉంది, నేను టేపుతో కొలిచాను నిన్న. పింఛను వాళ్ళకి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి బ్యాంకు కింద ఉండడమే మంచిది, మేడ మీద పెట్టమని నేను అడగను, నేనూ పింఛనుదారుణ్ణే. కానీ లోపలికి వెళ్ళేముందు కూర్చోడానికి చోటు కావాలి కదా. రెండోది, ఈ నీళ్ళ కుండలు. ఎండాకాలం ఈ దారిన పోయేవాళ్ళు ఎంతమంది ఇక్కడ ఆగి తాగుతారో మీకు తెలుసు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఈ వీధిలో లైన్లు గుర్తున్నాయా? పొద్దున్న ఆరింటికి నిలబడితే మధ్యాహ్నం దాకా. మేం లోపల తల ఎత్తకుండా నోట్లు లెక్కపెడుతున్నాం, బయట లైన్లో ఉన్నవాళ్ళకి నీళ్ళిచ్చింది ఈ హోటలు. చేతిలో చెల్లే నోటు లేనివాళ్ళకి ఇడ్లీ పెట్టి పుస్తకంలో రాసుకుంది. తర్వాత ఇవ్వండి అన్నారు, నన్ను 1983లో అన్నట్టే.

ఇంక మాస్టారి గురించి. ఆయన ఇక్కడే ఉన్నారు, వెనకాల నిలబడ్డారు, ముందుకి రారు, నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా మనం తిన్న అట్టు ఆ చేతిదే. ఆయన, ఇద్దరు సప్లయర్లు, రుబ్బే ఆవిడ, మొత్తం నలుగురు, సోమవారం నుంచి ఖాళీ. వీళ్ళని ఊరు వదిలి వెళ్ళనివ్వకూడదు. 1957లో కాఫీ బోర్డు వాళ్ళు కాఫీ హౌసులు మూసేస్తుంటే అందులో పనిచేసేవాళ్ళే కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ గారి అండతో సహకార సంఘాలు పెట్టుకుని నడిపించుకున్నారు, ఇండియన్ కాఫీ హౌస్ అని ఇప్పటికీ నడుస్తున్నాయి. అంత పెద్దది మనకి అక్కర్లేదు. ఒక చిన్న గది, ఒక పెనం, నాలుగు బల్లలు. ముద్ర లోను అని ఉంది, 2015 నుంచి ఇస్తున్నారు, తనఖా లేకుండా. యాభై వేల దాకా శిశు, ఆ పైన ఐదు లక్షల దాకా కిశోర్, పది లక్షల దాకా తరుణ్. మాస్టారూ, మీకు ఏడు లక్షలు చాలు, నేను లెక్క వేసాను. ప్రాజెక్టు రిపోర్టు నేను రాస్తాను, ఫుడ్ లైసెన్సు కాగితాలు నేను పూర్తి చేస్తాను, బ్యాంకుకి మీతో పాటు నేనొస్తాను. ముప్పై నాలుగేళ్ళు జనాన్ని జామీను అడిగినవాణ్ణి, మీకు హామీగా ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఈ వీధిలో ఎవరికైనా కింది వాటాలో చిన్న కొట్టు ఖాళీగా ఉంటే, మొదటి ఏడాది అద్దె కొంచెం చూసీ చూడనట్టు తీసుకోగలిగితే, ఈరోజు రాత్రే నాకు చెప్పండి. ఆ చెయ్యెత్తింది ఎవరు? మీరా అమ్మా? సంతోషం. అయ్యాక మాట్లాడదాం, వెళ్ళిపోకండి.

ఆఖరి సంగతి చెప్పి కూర్చుంటాను. ఖాతా పుస్తకం. నిన్న సాయంత్రం నేను మన ఆయన్ని అడిగి ఆ పుస్తకం చూసాను, ఒకటి కాదు, అట్టలు ఊడిపోయినవి పదకొండున్నాయి. చివరి రెండు పుస్తకాల్లోనే ఇంకా తీరని బాకీలు చాలా ఉన్నాయి. ఎంతని నేను చెప్పను, ఎవరివని అస్సలు చెప్పను, ఆయన చెప్పొద్దన్నారు. పోనీండి, తిన్నారు కదా, చాలు అన్నారు. ఆయన అలాగే అంటారు, వాళ్ళ నాన్నగారూ అలాగే అనీవారు. ఆయన అడగరు కాబట్టి మనమే ఇవ్వాలి. ఇక్కడున్నవాళ్ళలోనే కొంతమందికి గుర్తుండొచ్చు, కాలేజీ రోజుల్లో తిన్నవి, ఉద్యోగం రాకముందు తిన్నవి. మీ అబ్బాయిలు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉంటే ఫోన్ చేసి అడగండి, మూల హోటల్లో ఏమైనా ఉండిపోయిందా నాన్నా అని. లెక్క గుర్తులేకపోతే తోచినంత ఇవ్వండి. కవర్లో పెట్టి గల్లా మీద పెట్టీసి వచ్చీయండి, పేరు కూడా రాయక్కర్లేదు.

శనివారం మామూలుగానే తీస్తారు. ఆదివారం ఐదున్నరకి తీస్తారు, పిండి ఉన్నంతసేపు ఉంటుంది. పెసలు రెట్టింపు నానబెడతానని మాస్టారు మాటిచ్చారు. పిల్లల్ని తీసుకురండి, ఆ రెండో బల్ల మాత్రం ఓ పావుగంట నాకు ఉంచండి.